డిగ్రీ విద్యార్థులతో ఎలుకల వెంట: మన సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులకు నమస్కారం.

మన సంఘం ఈ ఏడాది తన శ్రమలో ఎక్కువ పాలు ఒకే పనికి పెట్టింది. హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టల్లో, చేలల్లో, కళాశాలల వెనుక పొదల్లో బతికే ఎలుక జాతులను డిగ్రీ విద్యార్థుల చేత స్వయంగా పరిశీలింపజేయడం ఆ పని. పక్షుల నడకలు, సీతాకోకచిలుకల లెక్కింపులు ఎప్పటిలాగే సాగాయి. వాటి వివరాలు ఎప్పటికప్పుడు సభ్యులకు పంపించాం కనుక ఇక్కడ మళ్లీ రాయడం లేదు.

ఇన్ని జంతువులుండగా ఎలుకలే ఎందుకని గత సర్వసభ్య సమావేశంలో కొందరు పెద్దలు అడిగారు. ఆ ప్రశ్నకు వివరంగా జవాబు చెప్పాలి. జంతుశాస్త్ర ప్రయోగశాలల్లో జంతువులను కోసి చూసే డిసెక్షన్లను దశలవారీగా మానేయాలని 2011లో యూజీసీ మార్గదర్శకాలు ఇచ్చింది. అది మంచి నిర్ణయం. కానీ ఖాళీ అయిన ఆ ప్రయోగ తరగతుల్లోకి చాలాచోట్ల పటాలు, వీడియోలు వచ్చి కూర్చున్నాయి. మూడేళ్లు జంతుశాస్త్రం చదివి, ఒక్క అడవి క్షీరదాన్నయినా దగ్గరగా చూడకుండా పట్టా తీసుకుని వెళ్తున్న పిల్లలున్నారు. వాళ్లకు పులిని, ఎలుగుబంటిని చూపించడం మన వల్ల కాదు. ఎలుక మాత్రం హాస్టల్ వెనుక గడ్డిలోనే ఉంది. దాని గర్భధారణ కాలం సుమారు మూడు వారాలే కాబట్టి ఒక సెమిస్టర్ గడిచేలోగా జనాభాలో మార్పు కంటికి కనిపిస్తుంది. డిగ్రీ స్థాయిలో సొంత ప్రశ్న వేసుకుని, సొంతంగా జవాబు వెతుక్కోవడానికి ఇంతకంటే అనువైన క్షీరదం మన నగరంలో లేదని కార్యవర్గం గట్టిగా నమ్ముతోంది.

మొదటి పాఠం ముగ్గుపిండితో మొదలైంది. సాయంత్రం పొదల అంచున, గోడల వెంబడి అట్టముక్కలు పరిచి, వాటి మీద పిండిని పలుచగా జల్లి వచ్చేవాళ్లం. తెల్లవారేసరికి అడుగులు పడి ఉండేవి. ఎలుక ముందు పాదానికి నాలుగు వేళ్ల గుర్తులు, వెనుక పాదానికి అయిదు ఉంటాయి. చుంచుకు ముందూ వెనుకా అయిదేసి. చుంచును ఎలుకల్లో కలిపేసే అలవాటు మన ఇళ్లలో పాతదే, కానీ అది అసలు కొరికే జంతువుల వర్గానికే చెందదు. పురుగులను తిని బతుకుతుంది. ఆ తేడాను పాఠ్యపుస్తకంలో చదివి మరిచిపోయిన విద్యార్థులు అట్ట మీద వేళ్లు లెక్కపెట్టి తామే తేల్చుకున్నారు. పైగా దీనికి ఏ జీవినీ పట్టుకోనక్కర్లేదు.

రెండో పాఠం మనకు గుడ్లగూబ చెప్పింది. పాత కట్టడాల్లో ఉండే తెల్ల మొహం గుడ్లగూబ ఎలుకను సాధారణంగా మొత్తంగా మింగి, అరగని బొచ్చును, ఎముకలను ముద్దగా చేసి కక్కేస్తుంది. ఆ ముద్దలను ఏరి తెచ్చి, క్రిములు చావడానికి వేడి చేసి, గోరువెచ్చని నీటిలో నానబెట్టి, పట్టకారుతో విడదీయించాం. ఒక్క ముద్దలోంచి మూడు పుర్రెలు బయటికి రావడంతో బల్ల చుట్టూ మూగిన విద్యార్థులు చాలాసేపు కదల్లేదు. రెండింటికి ముందు భాగంలో నారింజ రంగు పింగాణి పూసిన ఉలి లాంటి కుంతకాలు (కొరికే ముందు పళ్లు), వాటి వెనుక పళ్లు లేని ఖాళీ. మూడోదానికి ఆ ఖాళీ లేదు, పళ్లన్నీ తెల్లగా, సూదిగా వరుసగా ఉన్నాయి, బుగ్గ ఎముక వంతెన లేదు. అది చుంచు. మిగిలిన రెండింటిలో ఒకదాని పై కుంతకాల మీద నిలువు గాడి ఉంది. అలాంటి గాడి మన ప్రాంతపు జెర్బిల్ అనే ఎలుకకూ, పొద ఎలుకకూ ఉంటుంది. రెండింటిలో ఏదో తేల్చడానికి దవడ పళ్లను పోల్చుకుంటూ ఆ మధ్యాహ్నమంతా గడిచిపోయింది. ఎలుక కుంతకాలు జీవితాంతం పెరుగుతాయనీ, పింగాణి ముందువైపే ఉండటం వల్ల వెనుక మెత్తటి భాగం త్వరగా అరిగి అంచు ఎప్పుడూ పదునుగా నిలుస్తుందనీ అధ్యాపకులు అప్పుడు చెప్పారు. చేతిలో పుర్రె ఉన్నప్పుడు చెప్పిన మాట మరి తలకెక్కుతుంది.

ఆ పొద ఎలుక శాస్త్రీయ నామం గోలుండా ఇలియోటి. అమరావతి శిల్పాలను 1845లో తవ్వించిన వాల్టర్ ఇలియట్ పేరే అది. ఆయన దక్షిణ మరాఠా ప్రాంతంలో (నేటి ధార్వాడ్ పరిసరాల్లో) ఉద్యోగం చేస్తూ అక్కడి క్షీరదాల జాబితాను 1839లో ప్రచురించారు. ఎర్ర మొరం నేలలో ఉండే ఒక ముళ్ల బొచ్చు చిట్టెలుక తన కలుగు నోటిని గులకరాళ్లతో మూసుకుంటుందని అందులో రాశారు. ఇలాంటి సంగతులను ఆయన నేలను తవ్వి బతికే వడ్డెరల వంటి వారి దగ్గర విని రాసుకున్నారు. ఎలుకల గురించి మన పల్లెల్లో ఉన్న జ్ఞానానికి శాస్త్రం పడిన అప్పు చాలా పెద్దది. కోస్తా పొలాల్లో యానాదులు కలుగు చూసి లోపల ఎవరున్నారో చెప్పగలరు. ఇలియట్ పేరులా వారి పేరు మాత్రం ఈ పొద ఎలుక శాస్త్రీయ నామంలో చేరలేదు.

శంకర్‌పల్లి వైపు మన సభ్యులొకరి పొలం పక్కనున్న మొరం దిబ్బ మీద విద్యార్థులు సరిగ్గా అలాంటి కలుగునే చూశారు. శనగగింజంత రాళ్లు, ఇంచుమించు ఒకే పరిమాణంలో, నోటి దగ్గర కుప్పగా ఉన్నాయి. రాళ్లు ఎంత దూరం నుంచి తెస్తుంది, బరువు చూసి ఏరుతుందా, వానాకాలంలో ఎక్కువ పేరుస్తుందా అని ప్రశ్నలు వరుసగా వచ్చాయి. ఇద్దరు రెండో సంవత్సరం విద్యార్థినులు దీన్నే తమ ప్రాజెక్టుగా తీసుకున్నారు. ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది ఇదే.

బోనులతో పట్టే పనిని కావాలనే చిన్నగా ఉంచాం. పొలం యజమాని ఒప్పుకోలు, కళాశాల జంతు నైతిక సమితి అనుమతి తీసుకున్నాకే రేకు పెట్టె బోనులు పెట్టాం. ఎరగా వేరుశనగ ముద్ద, కొబ్బరి ముక్క. ఎండెక్కితే రేకు కాలుతుంది, చీమలు పడితే లోపలి జంతువు తప్పించుకోలేదు కాబట్టి పొద్దు పొడవకముందే అన్నీ చూసి రావాలన్నది కచ్చితమైన నియమం. పట్టినదాన్ని గుడ్డసంచిలో తూచి, మళ్లీ చిక్కితే గుర్తుపట్టేందుకు ఒక చోట కొంచెం బొచ్చు కత్తిరించి, పట్టిన చోటే వదిలేశాం. అందరికీ చేతి తొడుగులు తప్పనిసరి. ఎలుక మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్, వాటిని అంటిపెట్టుకునే మైట్లు అనే అతి చిన్న జీవుల ద్వారా స్క్రబ్ టైఫస్ సోకే వీలుంది.

జనాభా అంచనా వేయడం ముందుగా తరగతిలో చింతగింజలతో నేర్పాం. కుండలోంచి 40 గింజలు తీసి సున్నపు చుక్క పెట్టి తిరిగి కలపాలి. తర్వాత 30 తీస్తే వాటిలో 6 చుక్కలవి వచ్చాయనుకుందాం. 40ని 30తో హెచ్చించి 6తో భాగిస్తే కుండలో సుమారు 200 ఉన్నాయని తేలుతుంది. పొలంలో ఈ లెక్క అంత తిన్నగా నడవదు. కొబ్బరికి మరిగి రోజూ బోనులోకి వచ్చే ఎలుకలుంటాయి, ఒకసారి చిక్కాక మళ్లీ దరిదాపులకు రానివీ ఉంటాయి. మొదటి రకం అంచనాను తగ్గిస్తుంది, రెండో రకం పెంచుతుంది. సూత్రం వెనుక ఎన్ని షరతులున్నాయో విద్యార్థులు అక్కడ గ్రహించారు.

ప్లేగు చరిత్ర మీద ఒక ప్రసంగం జరిగింది. 1898లో కరాచీలో ఫ్రెంచ్ వైద్యుడు పాల్ లూయీ సైమండ్ ఎలుకల ఒంటి మీది ఫ్లీ అనే రెక్కలు లేని కీటకమే వ్యాధిని మోస్తోందని చూపడం, 1911లో హైదరాబాద్‌ను ప్లేగు కుదిపేయడం, 1994 సూరత్ భయం అందులో వచ్చాయి.

ఎలుకల వల్ల రైతుకు కలిగే నష్టాన్ని మనం తేలిక చేయడం లేదు. వరి ఈనే వేళ పందికొక్కు వెన్నులు కొరికి కలుగులోకి మోసుకుపోవడం విద్యార్థులు కళ్లారా చూశారు. అయితే చేలో ఉన్న ప్రతి ఎలుకా పందికొక్కు కాదు. అన్నిటికీ ఒకే విషం పెడితే, దాన్ని తిన్న ఎలుకను తిని గుడ్లగూబ కూడా చచ్చే ప్రమాదం ఉంది. 1972 వన్యప్రాణి చట్టం ఎలుకలను, చిట్టెలుకలను హానికర జంతువుల జాబితాలో ఉంచింది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక ఆ జాబితాయే పోయింది. ఎలుకలకు రక్షణ వచ్చిందని దీని అర్థం కాదు. అపార్ట్‌మెంట్లలో జిగురు అట్టలు వాడవద్దని మాత్రం సభ్యులను గట్టిగా కోరుతున్నాం. అంటుకున్న జీవి గంటల తరబడి నరకం చూస్తుంది.

ఇబ్బందులు కొన్ని ఎదురయ్యాయి. ఒక కళాశాల యాజమాన్యం ఎలుకల పేరు వినగానే ఆవరణలోకి రావద్దంది. పరీక్షల తేదీలు మారినప్పుడల్లా పరిశీలనలు తెగిపోయాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జత చేశాం.

వచ్చే ఏడాది కొత్త చోట్లకు విస్తరించాలని కొందరు సూచించారు. కార్యవర్గం అందుకు సుముఖంగా లేదు. ఒక్క ఏడాది లెక్కలతో వాన తేడా ఏదో, కోత ప్రభావం ఏదో విడదీయలేం. అదే దిబ్బ, అదే పొలం గట్లు, అవే బోనుల వరుసలు కనీసం అయిదేళ్లు కొనసాగాలని ప్రతిపాదిస్తున్నాం. ఏటా విద్యార్థులు మారినా నమోదు పుస్తకం ఒక్కటే ఉండాలి. దీనిపై సర్వసభ్య సమావేశంలో సభ్యుల ఆమోదం కోరుతున్నాం. ఆమోదం లభిస్తే వానాకాలం వరి కోతకు ముందే మొదటి విడత మొదలవుతుంది. మీ పరిసరాల్లో గుడ్లగూబ ఉండే పాత కట్టడమేదైనా ఉంటే ఆలోగా కార్యదర్శికి తెలియజేయండి.