ఇంజనీర్స్ డే: ఆ ఎల్ ఎవరు, ఆ టీ ఎవరు?

తల్లిదండ్రులకు నమస్కారం.

సెప్టెంబర్ 15న, ఇంజనీర్స్ డేకి, ఏటా మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి గురించి చెప్పుకుంటాం. 1908 మూసీ వరద తర్వాత మన ఊరికి వచ్చి, గండిపేట, హిమాయత్ సాగర్ జలాశయాలు కట్టమని సలహా ఇచ్చిన మహానుభావుడు. ఆయన్ని తలుచుకోకుండా హైదరాబాద్‌లో ఈ రోజు గడవదు. ఈసారి ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఇంకో కథ కూడా చెప్పాం. మెట్రో ఎవరు కట్టారని అడిగితే 'ఎల్ అండ్ టీ' అని టక్కున చెప్పారు. ఆ ఎల్ ఎవరు, టీ ఎవరు అంటే ఒక్కరూ నోరు విప్పలేదు.

హెన్నింగ్ హోల్క్ లార్సెన్ 1907లో డెన్మార్క్‌లో పుట్టారు. కెమికల్ ఇంజనీరు. ఆయన స్నేహితుడు సోరెన్ టూబ్రో సివిల్ ఇంజనీరు. ఇద్దరూ సిమెంటు యంత్రాలు చేసే ఒక డెన్మార్క్ కంపెనీ ఉద్యోగులుగా ఇండియా వచ్చి, 1938లో బొంబాయిలో సొంత కంపెనీ పెట్టారు. ఆఫీసు ఎంత ఇరుకంటే, ఒకరు లోపల కూర్చుంటే రెండోవారు బయటికి వెళ్లాల్సిందే! మొదట్లో వాళ్లు చేసింది డెన్మార్క్ నుంచి డెయిరీ యంత్రాలు తెప్పించి అమ్మడం.

1940లో జర్మనీ డెన్మార్క్‌ని ఆక్రమించింది. సరుకు ఆగిపోయింది. ఇంకొకరైతే దుకాణం కట్టేసేవారేమో. వీళ్లు చిన్న వర్క్‌షాపు పెట్టి, ఆ యంత్రాలను ఇక్కడే తయారు చేయడం మొదలుపెట్టారు. అదే యుద్ధకాలంలో, టాటాల సోడా యాష్ (గాజు, సబ్బుల తయారీలో వాడే పొడి) ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించాల్సిన జర్మన్ ఇంజనీర్లను నిర్బంధంలోకి తీసుకోవడంతో ఆ పనీ వీళ్ల చేతికొచ్చింది. 1944లో కట్టడాల పని కోసం విడిగా ఒక కంపెనీ పెట్టారు. మాదాపూర్‌లో 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ కట్టిందీ ఎల్ అండ్ టీనే. లార్సెన్ గారికి 1976లో రామన్ మెగసెసే అవార్డు, 2002లో పద్మభూషణ్ వచ్చాయి. 2003లో కన్నుమూశారు.

ఆయన చదివింది కెమికల్ ఇంజనీరింగ్. చేసింది మాత్రం అమ్మకం, తయారీ, బిగింపు, కట్టడం: ఏ పని ఎదురైతే ఆ పని. మన దగ్గర ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ ఇంట్లో అందరికీ టెన్షన్. ర్యాంకు కోసం చదవడం తప్పని నేను అనను. కానీ చేత్తో స్క్రూడ్రైవర్ పట్టని పిల్లలు తమకు ఇంజనీరింగ్ ఇష్టమో కాదో ఎలా తెలుసుకుంటారు? మొన్న తొమ్మిదో తరగతి పాప ఒకతి మా ల్యాబ్‌లో మూలపడిన టేబుల్ ఫ్యాన్ విప్పి, కండెన్సర్ పోయిందని తనే కనిపెట్టింది. కొత్తది వేసి స్విచ్ నొక్కితే రెక్కలు గిర్రున తిరిగాయి. ఆ పాప ముఖం మీరు చూడాల్సింది!

అందుకే శనివారం మధ్యాహ్నాలు ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి, ఆయన దగ్గరుండగా పిల్లలతో రిపేరు పని చేయిస్తున్నాం. మీ ఇంట్లో పాడైన ఫ్యాన్లు, మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు ఉంటే శుక్రవారంలోగా ఆఫీసులో ఇవ్వండి. టీవీలు, మైక్రోవేవ్ ఓవెన్లు మాత్రం వద్దు. ప్లగ్ తీసేశాక కూడా వాటి లోపల కరెంటు నిలిచి ఉండొచ్చు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు