సభ్య సంఘాలకు సమర్పిస్తున్న వార్షిక నివేదిక

ప్రభువునందు ప్రియమైన సభ్య సంఘాల కాపరులకు, పెద్దలకు, పరిచారకులకు, స్త్రీల సమాజాలకు, విశ్వాసులందరికీ వందనములు. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లోని మన సంఘాల సహవాసం గడచిన సంవత్సరంలో చేసిన పనిని ఈ సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా చదివి వినిపిస్తారు గనుక ఆ వివరాల జోలికి ఇక్కడ పోవడం లేదు.

ఈ ఏడాది కార్యవర్గానికి అందిన విన్నపాల్లో చాలావాటికి మూలం ఒకటే. స్వయంపాలన గల సంఘంలో ఆఖరి మాట ఎవరిదన్న విషయంలో మనలో స్పష్టత లేదు. ఇతర సంఘ వ్యవస్థల నుంచి వచ్చిన విశ్వాసులు తికమకపడటంలో ఆశ్చర్యం లేదు. 1853లో ఏర్పడిన ఆర్కాటు మిషన్ ఈ ప్రాంతంలో నాటిన సంఘాలు 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.)లో భాగమై బిషప్పు గారి పర్యవేక్షణలో నడుస్తున్నాయి. తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికీ కేంద్ర పాలకవర్గం ఉంది. అటువంటి వ్యవస్థలో పెరిగినవారు మన దగ్గర కూడా పైన ఒక కార్యాలయం ఉంటుందనీ, అక్కడికి అర్జీ పెట్టుకుంటే కాపరిని మారుస్తారనీ అనుకుంటారు. మన సహవాసానికి ఆ అధికారం లేదు, ఉండకూడదు కూడా.

స్థానిక సంఘమే తనను తాను పాలించుకునే ఈ పద్ధతి తెలుగునాటికి రెండు దారుల్లో వచ్చింది. 1840లో నెల్లూరులో మొదలైన అమెరికన్ బాప్తిస్టు మిషన్ పని ఒంగోలు వరకు విస్తరించి, 1878 నాటి సామూహిక బాప్తిస్మాలతో వేలాది మందిని సంఘాల్లో చేర్చింది. విశ్వసించి బాప్తిస్మం పొందినవారే సభ్యులు, ఆ సభ్యుల సమావేశమే సంఘ వ్యవహారాలను తీర్మానిస్తుంది అన్నది బాప్తిస్టుల పద్ధతి. రెండవ దారి చిత్తూరు మీదుగానే సాగిందని మన యువతకు పెద్దగా తెలియదు. ఇంగ్లండులో దంతవైద్యుడిగా పనిచేసిన ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ బాగ్దాదులో సువార్త పని చేసిన తరువాత మన దేశానికి వచ్చి, 1830ల చివర చిత్తూరులో స్థిరపడ్డాడు. విదేశీ నిధుల మీద ఆధారపడకూడదన్న పట్టుదలతో వ్యవసాయం, పట్టుపురుగుల పెంపకం చేపట్టి, ఆర్థికంగా బాగా నష్టపోయాడు కూడా. 1836లో ఆయన వెంట వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ గోదావరి డెల్టాలో నాటిన బ్రదరన్ సంఘాల్లో ఓట్లు ఉండవు, పెద్దలు కలిసి ప్రార్థించి నిర్ణయిస్తారు. తరువాతి కాలంలో సువార్తికుడు భక్త సింగ్ గారి పరిచర్య ద్వారా ఏర్పడిన సంఘాలూ పెద్దల నడిపింపులోనే ఉన్నాయి. మన సభ్య సంఘాల్లో ఈ రెండు పద్ధతులూ కనిపిస్తాయి. వీటిలో ఏది మేలన్నది ఏ సంఘానికి ఆ సంఘమే తేల్చుకోవాలి. అయితే రెండింటిలోనూ ఒక్క కాపరి చేతిలోనే అధికారమంతా ఉండదన్న సంగతి మరువరాదు. ఈ మాట నేను కొంత గట్టిగానే చెబుతున్నాను, ఎందుకంటే స్వతంత్ర సంఘం అని బోర్డు పెట్టుకుని, కాపరి కుటుంబం తప్ప ఇంకెవరూ లెక్కలు చూడని మందిరాలు మన జిల్లాల్లో తక్కువేమీ కాదు.

ఒక సభ్య సంఘం నుంచి కొందరు విశ్వాసులు తమ కాపరిని తొలగించవలసిందిగా మనకు లేఖ రాశారు. కార్యవర్గం ఆ లేఖను ఆ సంఘ పెద్దలకే తిరిగి పంపి, మత్తయి సువార్త 18వ అధ్యాయం చెప్పిన క్రమంలో మొదట ముఖాముఖి, తరువాత సాక్షుల ఎదుట, చివరకు సంఘం ఎదుట మాట్లాడుకోవలసిందిగా కోరింది. ఆ తరువాత సంఘమే తీర్మానం చేసి ఆహ్వానించినందున, పొరుగు సంఘాల నుంచి ముగ్గురు పెద్దలు వెళ్లి ఇరువైపులా విని, లిఖితపూర్వకంగా సలహా ఇచ్చారు. ఆ సలహాలో కొంత భాగాన్ని సంఘం అంగీకరించింది, కొంత పక్కన పెట్టింది. ఇందులో మన సహవాసానికి అవమానం ఏమీ లేదు. సలహా వినే స్వేచ్ఛతో పాటు కాదనే స్వేచ్ఛ కూడా ఉన్నప్పుడే అది స్వయంపాలన అవుతుంది. మన చేతిలో ఉన్నది ఒక్కటే: బోధలోనో నడతలోనో ఒక సంఘం తీవ్రంగా తప్పిపోతే దానిని సహవాస సభ్యత్వం నుంచి తప్పించగలం. దాని మందిరాన్ని గానీ, కానుకలను గానీ తాకలేం.

మందిరాల స్థలాల విషయమే ఈ ఏడాది ఎక్కువ సమయం తీసుకుంది. నాలుగైదు కుటుంబాలతో సంఘం మొదలైన రోజుల్లో సొసైటీ రిజిస్ట్రేషన్ ఉండదు. విశ్వాసుల కానుకలతో కొన్న స్థలాన్ని నమ్మకం కొద్దీ కాపరి పేరున రాయిస్తారు. ఆయన వీలునామా రాయకుండా ప్రభువునందు నిద్రించినప్పుడు, 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం ఆ ఆస్తి ఆయన వారసులకు చెందుతుంది. వారసులు భక్తిపరులైతే సరే, కాకపోతే సంఘం కోర్టు మెట్లు ఎక్కాలి. అందువల్ల 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో సొసైటీని నమోదు చేయించి, కాపరి జీవించి ఉండగానే దానపత్రం ద్వారా స్థలాన్ని సొసైటీ పేరుకు మార్పించవలసిందిగా అన్ని సంఘాలకూ లేఖలు పంపాము. న్యాయవాదులైన ఇద్దరు సహోదరులు ఉచితంగా నమూనా నియమావళి తయారుచేసి ఇచ్చారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక కొన్ని సంఘాల పరిధి తిరుపతి జిల్లాలోకి మారింది గనుక, ఏ కార్యాలయానికి వెళ్లాలో ముందుగా విచారించుకోవడం మంచిది.

సభ్యుల పట్టిక మరొక చిక్కు. పలమనేరు, కుప్పం వైపు సంఘాల్లో పనుల కోసం బెంగళూరు వెళ్లి స్థిరపడినవారి పేర్లు ఏళ్ల తరబడి పట్టికలో అలాగే ఉండిపోవడంతో సమావేశానికి కోరం (ఉండవలసిన కనీస హాజరు) కుదరడం లేదు. అటువంటివారికి బదిలీ ఉత్తరం ఇచ్చి అక్కడి సంఘంలో చేరేలా ప్రోత్సహించాలి. కుప్పంలో సభ్యుల సమావేశం తెలుగులోనూ తమిళంలోనూ జరగవలసి రావడం వల్ల రాత్రి పొద్దుపోయేదాకా సాగుతుందని పెద్దలు చెప్పారు. అయినా ప్రతి తీర్మానాన్నీ రెండు భాషల్లో చదివి వినిపించాకే సంతకాలు తీసుకుంటున్నారు. మిగిలిన సంఘాలు ఈ శ్రద్ధను చూసి నేర్చుకోవచ్చు.

పరిచర్యకు పిలుపు పొందిన యువకులను పరీక్షించేందుకు సంఘాల కోరిక మేరకు పెద్దల సభలు జరిగాయి. బోధ, కుటుంబ జీవితం, అప్పులు, నడత గురించి సభ ప్రశ్నిస్తుంది, సిఫారసు చేస్తుంది. చేతులుంచి ప్రతిష్ఠించేది మాత్రం పిలిచిన స్థానిక సంఘమే. అలా ప్రతిష్ఠింపబడినంత మాత్రాన వివాహాలు జరిపించే చట్టబద్ధమైన అధికారం రాదని మరోసారి గుర్తు చేస్తున్నాను. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద మన కాపరులు ప్రభుత్వం నుంచి లైసెన్సు పొందాలి. లైసెన్సు లేనివారు వివాహం జరిపిస్తే ఇబ్బంది పడేది కొత్త దంపతులే. సండే స్కూలు ఉపాధ్యాయుల శిక్షణ, వేసవి వీబీఎస్ (పిల్లల సెలవుల బైబిలు పాఠశాల), స్త్రీల ఉపవాస ప్రార్థనలు యథావిధిగా జరిగాయి.

ఈ సమావేశం ముందు రెండు ప్రతిపాదనలు ఉన్నాయి. ప్రతి సభ్య సంఘం ఏటా తన లెక్కలను కాపరి బంధువు కాని వ్యక్తితో తనిఖీ చేయించి సభ్యులకు చదివి వినిపించాలన్నది మొదటిది. సహవాసానికి సంఘాలు ఇచ్చే స్వచ్ఛంద కానుకలో కొంత భాగాన్ని పేద సంఘాల రిజిస్ట్రేషన్, స్టాంపు ఖర్చులకు కేటాయించాలన్నది రెండవది. ప్రతి సంఘం నుంచి ఇద్దరు ప్రతినిధులు ఓటు వేస్తారు. రెండవది ఇక్కడ ఆమోదం పొందితే వెంటనే అమలవుతుంది. మొదటిది ఆమోదం పొందినా సిఫారసుగానే మిగులుతుంది గనుక, ప్రతినిధులు దానిని తమ సంఘ సభ్యుల సమావేశంలో పెట్టి, అక్కడ జరిగిన తీర్మానం నకలును, అది అనుకూలమైనా ప్రతికూలమైనా, కార్యదర్శికి పంపవలసిందిగా మనవి.