పదహారో రోజు నుంచి మందులెవరు కొనాలి?

కేంద్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అయ్యా, నాకు 74 ఏళ్లు. తెనాలి దగ్గర ఒక పల్లెలో బ్రాంచి పోస్ట్‌మాస్టరుగా చేసి 65వ ఏట దిగిపోయాను. ఊళ్లో సగం మందికి మనియార్డరు ఫారాలు, పింఛను అర్జీలు రాసిపెట్టిన చెయ్యి ఇది. మీ పథకం కాగితాలు అర్థంకాక రాస్తున్నాననుకోకండి. అర్థమయ్యే రాస్తున్నాను.

2024 అక్టోబరు 29న 70 దాటినవాళ్లకి ఆయుష్మాన్ వయ వందన కార్డు మొదలుపెట్టారు. ఆదాయంతో పని లేదు, ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం, ఆధార్ ఒక్కటి చాలు అన్నారు. మంచి పని చేశారు, కాదనను. మా అబ్బాయికి ఉద్యోగం వచ్చాక మా రేషన్ కార్డు పోయింది. దాంతో రాష్ట్రం ఇచ్చే ఆరోగ్య పథకం మాకు అందకుండా పోయింది. మీ కార్డే లేకపోతే నా గుండెకి స్టెంటు వేయించడానికి ఉన్న అరెకరం అమ్ముకోవాల్సి వచ్చేది. ఆసుపత్రిలో నా దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు.

అసలు సంగతి డిశ్చార్జి రోజున తెలిసింది. పదిహేను రోజుల మాత్రలు కవర్లో పోసిచ్చి, "ఇవి అయిపోతే బయట కొనుక్కోండి పెద్దాయనా, ఒక్క పూట కూడా ఆపొద్దు" అన్నారు. రూలు అదేనట. చేరడానికి ముందు మూడు రోజులు, ఇంటికొచ్చాక పదిహేను రోజులు, అంతవరకే కార్డు. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్రలు రెండు రకాలు. వాటితో పాటు కొలెస్ట్రాల్‌ది, బీపీది, షుగర్‌వి రెండు. స్టెంటు వేశాక ఆ మొదటి రెండూ కనీసం ఏడాది వాడాలన్నారు, వాటిలో ఒకటి బతికున్నంత కాలమూ.

బీపీ, షుగర్ మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగానే ఇస్తున్నారు, ఆ మాట దాచను. గుండె మందులే చిక్కు. జన ఔషధి షాపులో సగం ధరకే, ఇంకా తక్కువకే దొరుకుతాయి, నిజమే. దేశంలో ఆ షాపులు 15 వేలు దాటాయని పేపర్లో చదివి సంతోషించాను. మాకు దగ్గరిదానికి వెళ్లాలంటే రెండు బస్సులు మారాలి. కేంద్రం వాటా కింద 80 లోపు ముసలివాళ్ల పింఛనుకి మీరిచ్చేది నెలకి 200 రూపాయలు. మిగతాది రాష్ట్రం కలుపుతోంది కాబట్టి గడుస్తోంది.

ఇక్కడ ఒక లెక్క అడుగుతాను. డబ్బుల్లేక ఎవరైనా ఆ మాత్రలు ఆపేస్తే స్టెంటు మూసుకుపోవచ్చని డాక్టర్లే చెబుతారు. అప్పుడు మళ్లీ ఆసుపత్రిలో చేరతాడు, మళ్లీ మీ కార్డే వేలకి వేలు కడుతుంది. మాత్రకి ఇవ్వనన్న డబ్బు మంచానికి ఇస్తున్నారన్నమాట. పోస్టాఫీసు లెక్కల్లో ఇలా రాస్తే మా ఇన్‌స్పెక్టరు గారు ఒప్పుకునేవారు కాదు.

ఇది కొత్తగా కనిపెట్టాల్సిన పద్ధతి కూడా కాదు. 1954 నుంచి సీజీహెచ్ఎస్ అని కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం ఉంది. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకి ఆ డిస్పెన్సరీల్లో రోజువారీ మందులు చేతికిస్తారు. మాలాంటి గ్రామీణ డాక్ సేవకులకి అది వర్తించదు లెండి, ఆ గోడు వేరే. మీ కొత్త కార్డు నిబంధనల్లో సీజీహెచ్ఎస్ ఉన్నవాళ్లు ఏదో ఒకటి ఎంచుకోవచ్చని రాశారు. రోజూ మందులిచ్చేది వదులుకుని దీనికి వచ్చినవాళ్లు ఎంతమందో మీ అధికారులని ఒకసారి అడగండి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీలో కూడా కొన్ని చికిత్సలకి ఆ తర్వాత ఏడాది పాటు మందులు, పరీక్షలు ఇచ్చే ఫాలోఅప్ ప్యాకేజీలు పెట్టారు.

నేనడిగేది ఇదే. ఈ కార్డు చూపిస్తే జన ఔషధి షాపులో నెల మందులు ఇవ్వండి. నెలకింత అని హద్దు పెట్టండి, ఫర్వాలేదు. ఆ 5 లక్షల్లోంచే కోసుకోండి. షాపు లేని ఊళ్లకి పోస్టులో పంపండి. పోస్ట్‌మ్యాన్ ఎలాగూ వస్తాడు.

రెండోది మా ఆవిడ సంగతి. ఆమెకి నిజానికి 72, ఆధార్‌లో 64. ఆధార్ తీసుకున్న రోజు వివరాలు ఎక్కించే కుర్రాడు ఆమె జుట్టు నెరవలేదని చూసి 1961 అని వేసేశాడు. ఎనిమిదేళ్లు తగ్గించాడని అప్పట్లో ఆమె మురిసిపోయింది కూడా. ఇప్పుడు కార్డు అడిగితే ఇంకా ఆరేళ్లు ఆగమంటున్నారు. దిద్దించడానికి పుట్టిన సర్టిఫికెట్ తెమ్మంటున్నారు, లేదా పదో తరగతిది. ఆమె బడి మొహం చూడలేదు. ఇంట్లో కాన్పయిన పిల్లకి ఆ రోజుల్లో సర్టిఫికెట్ ఎవరు రాశారు? ఆధార్ లెక్క నిజమైతే 1972లో మా పెద్దవాడు పుట్టేనాటికి ఆమెకి పదకొండేళ్లు. ఇంకొకటి. చెన్నారెడ్డి గారు ముఖ్యమంత్రి అయిన 1978 ఎన్నికల్లో ఆమె ఓటేసింది. ఓటు వయసు అప్పుడు 21. ఆధార్ ప్రకారం అప్పటికి ఆమెకి 17! దొంగ ఓటైనా అయ్యుండాలి, ఆధార్ తప్పైనా అయ్యుండాలి.

పాత ఓటర్ల జాబితా, పెద్ద పిల్లల వయసు, గ్రామ సచివాలయం విచారణ, వీటిలో ఏదో ఒకటి చూసి 70 దాటారని ఒప్పుకునే దారి పెట్టండి. పొలం పని చేసి వేలిముద్రలు అరిగిపోయినవాళ్లు, ఆధార్‌లో అంచనా వయసు పడిపోయినవాళ్లు మా ఊళ్లోనే నాకు తెలిసి పదిమంది ఉన్నారు. సర్వీసు సెంటర్ చుట్టూ రెండు సార్లు తిరిగి, మూడోసారి వెళ్లడం మానేశారు.

మీ ఆఫీసు నుంచి జవాబు వస్తే పోస్టులోనే పంపమని మనవి. నా ఆధార్‌కి ముడిపెట్టిన ఫోను హైదరాబాదులో మా అబ్బాయి దగ్గర ఉంటుంది. నా ఓటీపీలన్నీ ముందు వాడికే వెళతాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్రాంచి పోస్ట్‌మాస్టరు,
గుంటూరు జిల్లా