అటక మీద మూడు పెట్టెలు

సంపాదకుడికి,

నమస్కారం. ఇంటి మీద గొడుగుతో ఉపగ్రహం నుంచి నేరుగా టీవీ చానళ్లు అందుకునే డీటీహెచ్ కనెక్షన్లు తగ్గిపోతున్నాయని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ మూడు నెలలకోసారి లెక్క చెబుతోంది. 2020లో ఏడు కోట్లు దాటి ఉన్న చందాదారులు 2025 మార్చి నాటికి 5.69 కోట్లకు దిగారు. దీనిమీద వచ్చే విశ్లేషణలు చదివితే అన్నిటా కంపెనీల గోడే. ఎవరి ఆదాయం ఎంత పడింది, ఏ విలీనం ఎందుకు చెడింది అన్నదే చర్చ. కనెక్షన్ మానేసిన ఆ కోటి పైచిలుకు ఇళ్లలో మిగిలిపోయిన సెట్‌టాప్ బాక్సుల గురించి ఒక్క వాక్యం కనిపించదు.

మా అటక మీద మూడున్నాయి. మూడు వేర్వేరు సంస్థలవి, మూడూ డబ్బు పోసి కొన్నవే. ఇప్పుడు వాడుతున్నది నాలుగోది. మొన్న దుమ్ము దులుపుదామని పాతవి కిందికి దించి, ఒక్కొక్కటే టీవీకి తగిలించి చూశాను. ఒక్కటి కూడా చెడిపోలేదు. ఎర్ర దీపం వెలిగింది, సంస్థ ముద్ర తెరమీదికి వచ్చింది, కార్డు నంబరు చూపించి రీచార్జి చేయించుకోమంది. అక్కడితో సరి. ఒకదాని రిమోట్‌కు మా ఆవిడ తొడిగిన ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంది. శబ్దం పెంచే మీట దగ్గర మాత్రం బొటనవేలు పట్టేంత చిల్లు పడింది.

వేరే సంస్థకు ఫోను చేసి, మీ కార్డు ఇందులో పెడితే బొమ్మ వస్తుందా అని అడిగాను. "మా కనెక్షన్ తీసుకుంటే మా బాక్సే ఇస్తామండీ" అన్నాడు ఆ అబ్బాయి. మరి దీన్నేం చేసుకోమంటారు అంటే, "అది మీదే కదండీ, మీ ఇష్టం" అన్నాడు. తప్పు అతనిది కాదు, కాబట్టి పోట్లాడలేదు.

ఈ సేవ వచ్చిన కొత్తలో మేం సంబరపడిన మాట నిజం. అంతకు ముందు కేబుల్ ఆపరేటర్ దగ్గర కరెంటు పోతే వీధి మొత్తానికీ బొమ్మ పోయేది. ఏ చానల్ ఏ నంబరులో వస్తుందో రోజుకో తీరు. 2003లో డిష్ టీవీ, 2006లో టాటా స్కై మొదలయ్యాయి. 2009 కల్లా ఆరు ప్రైవేటు సంస్థలు ఇంటి మీద గొడుగు బిగిస్తామంటూ పోటీ పడ్డాయి. జోరున వాన పడితే బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయేదన్న మాటే గానీ, మిగతా రోజుల్లో అద్దంలా ఉండేది. ఇప్పుడా ఆరూ నాలుగయ్యాయి.

పతనానికి ఫోన్లే కారణమని సంస్థలు అంటాయి. సగం నిజమే. 2016లో జియో వచ్చాక డేటా చవకైంది. 2023లో ఐపీఎల్ మ్యాచ్‌లు ఫోనులో ఉచితంగా వచ్చాయి. అటు చూస్తే నెల చందా అక్కర్లేని దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్. పైగా ఆదాయంలో 8 శాతం లైసెన్సు ఫీజు డీటీహెచ్‌కే ఉంది, కేబుల్ సంస్థలకు లేదు. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. కానీ 2019 ఫిబ్రవరి సంగతి మరిచిపోగలమా? ట్రాయ్ కొత్త నియమం తెచ్చి, చూసే చానల్‌కే డబ్బు అంది. కాగితం, కలం పట్టుకుని ఇంటిల్లిపాదీ కూర్చుని ఎవరికేం కావాలో రాసుకున్నాం. తీరా చూస్తే ఒక్క పే చానల్ ఎంచుకోకముందే నెట్‌వర్క్ రుసుము 130 రూపాయలు, పన్నుతో కలిపి 153.40. చానల్ విడిగా కావాలంటే 19 రూపాయల దాకా, అడగని చానళ్లతో కలిపి ప్యాకేజీగా తీసుకుంటే చవక. మా జాబితా ఆ రాత్రే చెత్తబుట్టలోకి పోయింది. జనం ఫోన్ల వైపు తిరిగారంటే తిరగరా మరి?

సంస్థలు పోవచ్చు, వ్యాపారం అన్నాక అది మామూలే. 2008లో అట్టహాసంగా వచ్చిన రిలయన్స్ బిగ్ టీవీ చేతులు మారి, ఇండిపెండెంట్ టీవీగా పేరు మార్చుకుని, కొద్ది కాలానికే మూగబోయింది. బ్రిటన్‌లో ఐటీవీ డిజిటల్ కథ ఇంకా ఘోరం. 1998లో ఆన్‌డిజిటల్‌గా పుట్టి, ఫుట్‌బాల్ లీగ్ ప్రసారాలకు 31.5 కోట్ల పౌండ్లు ఇస్తామని ఒప్పుకుని, మోయలేక 2002 మే 1న ఆగిపోయింది. ఆ డబ్బు నమ్ముకున్న చిన్న క్లబ్బులు నిలువునా మునిగాయి. అయినా చందాదారు దగ్గరున్న పెట్టె ఉచిత చానళ్లను పట్టగలిగింది. అదే ఏడాది అక్టోబరులో ఫ్రీవ్యూ అనే ఉచిత సేవ మొదలైతే అందులోనూ పనికొచ్చింది. మన దగ్గర సంస్థ మూతపడితే పెట్టె కూడా దానితోపాటే సహగమనం చేస్తుంది.

విచిత్రం ఏమిటంటే, ఇలా జరగకూడదని మొదటినుంచీ రాసే ఉంది. 2001 మార్చిలో కేంద్రం జారీ చేసిన డీటీహెచ్ మార్గదర్శకాల్లోనే, ఒక సంస్థ పెట్టె మరో సంస్థ సేవకు పనికొచ్చేలా ఉండాలన్న షరతు ఉంది. వేరే సంస్థ ప్రసారాలు ఈ పెట్టెలో తెరుచుకునేలా చేసే మాడ్యూల్ అనే చిన్న పరికరాన్ని విడిగా కొని పెట్టుకుంటే చాలన్నారు. ఆ మాడ్యూల్ ఖరీదుకు కొత్త పెట్టే వచ్చేస్తుంటే దాన్ని ఎవరు కొంటారు? షరతు కాగితం మీద నెరవేరింది, అంతే. 2020 ఏప్రిల్‌లో ట్రాయ్ మళ్లీ కదిలి, డీటీహెచ్ పెట్టె ఏ డీటీహెచ్ సంస్థకైనా, కేబుల్ పెట్టె ఏ కేబుల్ సంస్థకైనా చెల్లేలా నిబంధన తప్పనిసరి చేయాలని సిఫారసు చేసింది. మొబైల్ నంబరు మార్చకుండా సంస్థ మారే వీలు 2011లోనే దేశమంతటా వచ్చింది. పెట్టె దగ్గరికొచ్చేసరికి ఎందుకింత నానుస్తున్నారు?

సమాచార, ప్రసార శాఖను నేను కోరేది పెద్దదేమీ కాదు. ఇకపై అమ్మే పెట్టెలకు ఆ సిఫారసును అమలు చేయాలి. సేవ మూసే సంస్థ వెళ్లేముందు, తాళం తీసి కనీసం ఉచిత చానళ్లయినా వచ్చేలా పెట్టెను వదిలి వెళ్లాలి, ముందే కట్టించుకున్న చందా మిగిలితే తిరిగివ్వాలి. లైసెన్సు ఫీజు తగ్గించమని సంస్థలు అడుగుతున్నాయి కదా, తగ్గించేటప్పుడే ఈ షరతులూ పెట్టవచ్చు.

ఈ నెలాఖరుకు మా రీచార్జి అయిపోతుంది. అటక మీద నాలుగో పెట్టెకు చోటు చేయాలో వద్దో శాఖవారు చెబితే సర్దుకుంటాను.

ఇట్లు,
ఒక పాఠకుడు