మిషను బాగైంది, ఫ్రీ మిషను మాత్రం వద్దన్నాం

మన కాఫీ కొట్టులో కాపుచినో, లాటే, అమెరికానో సోమవారం నుంచి మళ్ళీ దొరుకుతాయి. ధరలు మార్చలేదు. ఇన్నాళ్ళూ కౌంటరు మీద "మిషను రిపేరులో ఉంది" అని అట్ట పెట్టి ఫిల్టర్ కాఫీతోనే నెట్టుకొచ్చాం. మీలో చాలామంది ఏమీ అనకుండా గ్లాసు కాఫీ తాగి వెళ్ళారు. కొందరు మాత్రం "కొట్టు అమ్మేస్తున్నారటగా" అని మా కుర్రాడిని అడిగారు. అమ్మడం లేదు. ఏం జరిగిందో రోజూ వచ్చేవాళ్ళకి నేనే చెప్పకపోతే ఊళ్ళో ఇంకో నాలుగు కథలు పుడతాయి, అందుకని రాస్తున్నాను.

మన మిషను రెండు గ్రూపుల ఇటాలియన్ మిషను, అంటే కాఫీ దిగే తలలు రెండు ఉంటాయి. కొత్తది కొనే స్తోమత లేక బెంగళూరులో ఒక డీలరు దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఏదో హోటలు మూసేస్తే అక్కడి నుంచి వచ్చిందన్నాడు. "బాయిలర్ విప్పి డీస్కేలింగ్ చేశాం, గ్యాస్కెట్లు మార్చాం" అని, అంటే లోపల పట్టిన సున్నం తీసి, అతుకుల్లో కారకుండా వేసే వాషర్లు మార్చామని, బిల్లు మీదే రాసిచ్చాడు. ఆ లైను కాస్త గుర్తుపెట్టుకోండి.

తేడా మొదట కనిపెట్టింది మీలోనే ఒకరు. ఆఫీసు వాళ్ళతో వచ్చి వరసగా కాపుచినోలు చెప్తే, చివరి కప్పులకి నురగ పలచబడుతోంది అన్నారు. నిజమే, స్టీమ్ ప్రెషరు పడిపోయి మళ్ళీ ఎక్కడానికి చాలాసేపు పడుతోంది. ఆ తరవాత పొద్దున్నే మిషను స్విచ్ వేయగానే కొట్టంతా చీకటి. ఆర్‌సీసీబీ, అదే కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్చు, పడిపోతోంది. రెండుమూడు సార్లు ఎత్తితే ఒక్కోసారి నిలబడేది, నిలబడితే సాయంత్రం దాకా ఏ గొడవా లేదు. డీలరుకి ఫోన్ చేస్తే "మీ వైరింగ్ ఒకసారి చూపించుకోండి సార్" అన్నాడు. చూపించాను. ఫ్రిజ్, గ్రైండరు, ఏసీ అన్నీ శుభ్రంగా నడుస్తున్నాయి, మిషను ప్లగ్గు పెడితేనే తంటా. ఆ మాట చెప్తే "మీ వైజాగ్ నీళ్ళు మంచివి కావు సార్" అన్నాడు. వైరింగ్‌కీ నీళ్ళకీ ఏం సంబంధమో ఆయనకే తెలియాలి.

మా ఎలక్ట్రీషియన్ మిషను పక్క రేకులు విప్పి మల్టీమీటరు పెట్టాడు. బాయిలర్‌లో నీళ్ళు కాచే ఎలిమెంట్‌కి మూడు కాయిల్స్ ఉంటాయి. ఒక్కోటి వెయ్యి వాట్లు అనుకుంటే 230 వోల్టుల లెక్కన 53 ఓమ్‌ల దగ్గర చూపించాలి. రెండు చూపించాయి, మూడోది తెగిపోయి ఉంది. నురగ ఎందుకు రావడం లేదో అక్కడే తేలింది. మరి కరెంటు ఎందుకు పోతోంది? మిషను బాడీకి లీకేజీ ఏమీ లేదని మల్టీమీటరు అంటోంది. దాని బ్యాటరీ చిన్నది, ఆ కొద్ది వోల్టేజీకి దొంగ దొరకడు. మర్నాడు మెగ్గర్, అంటే ఎక్కువ వోల్టేజీతో లీకేజీ పట్టే మీటరు, తెచ్చి 500 వోల్టులతో చూస్తే ముల్లు సున్నా మీదకి పడిపోయింది. ఎలిమెంట్ పై తొడుగు ఎక్కడో పగిలింది. లోపల వైరు చుట్టూ కూరే మెగ్నీషియం ఆక్సైడ్ పొడి చల్లగా ఉన్నప్పుడు తేమ పీలుస్తుంది, వేడెక్కితే కొంత ఆరుతుంది. అందుకే పొద్దున్న పడిపోయి, తరవాత నిలబడేది.

తెలిసినవాళ్ళే ఒకరు "ఆర్‌సీసీబీ బైపాస్ చేసేసి నడిపించు, ఏం కాదు" అని సలహా ఇచ్చారు. 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే ఆగిపోవడమే దాని పని. ఆ స్టీలు బాడీ మీద చేయి వేసి మా కుర్రాడు తడి చేతులతో రోజంతా నిలబడతాడు. ఆ సలహా ఇచ్చినవారికి ఆ రోజు కాఫీ కూడా ఇవ్వలేదు.

బాయిలర్ విప్పడానికి షిప్‌యార్డులో పైపు ఫిట్టరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన వచ్చారు. నేను బాబాయ్ అంటాను. టార్చి వేసి ఫ్లాంజి (ఎలిమెంట్‌ని బాయిలర్‌కి బోల్టులతో బిగించే రేకు) చూసి, స్పానరు పక్కన పెట్టేశారు. "ఏటి బాబూ, దీన్ని పుట్టినకాడ్నించి ఎవుడూ ఇప్పినట్టు నేదు" అన్నారు. కంపెనీలో బోల్టు బిగించాక గుర్తుకి ఎర్ర రంగు గీత పెడతారు, సగం బోల్టు మీద, సగం ఫ్లాంజి మీద. ఆ గీత ఒక్క బోల్టు దగ్గర కూడా తప్పలేదు. ఒకసారి విప్పి బిగించినా గీత కలవదు. అంటే డీస్కేలింగూ లేదు, గ్యాస్కెట్ మార్చడమూ లేదు, బిల్లు మీద లైను మాత్రం ఉంది.

గ్యాస్కెట్ కాలి ఫ్లాంజికి అతుక్కుపోయింది, ఉలితో పెచ్చులు పెచ్చులుగా లేపాల్సి వచ్చింది. ఎలిమెంట్ బయటికి లాగితే కాయిల్స్ మధ్య సందే లేదు. పైన తెల్లటి పొడి, గోరు పెడితే రాలుతుంది. దాని కింద పసుపు పొర, కింద గోధుమ రంగు పొర, ఆ కింద రాయి. కప్పు నీళ్ళు ఆవిరైపోతే అందులోని సున్నం బాయిలర్‌లోనే మిగులుతుంది, మళ్ళీ నీళ్ళొస్తాయి, మళ్ళీ మిగులుతుంది. రాయి కప్పేశాక ఎలిమెంట్ వేడి నీళ్ళకి చేరదు. తనే కాగి కాగి పగులుతుంది. మన దగ్గర మొదటి రోజు నుంచీ నీళ్ళలో సున్నం తీసే సాఫ్టనర్ ఉంది, దాని ఉప్పు నేనే పోస్తాను, కాఠిన్యం చుక్కల మందు వేసి నేనే చూస్తాను. ఆ రాయి వయసు మన కొట్టు వయసుకన్నా పెద్దది. ఎర్ర గీతల ఫోటోలు, రాయి ఫోటోలు డీలరుకి పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

ఎలిమెంట్ కోసం స్పేర్ల వ్యాపారి ఒకాయనకి మోడల్ నంబరు, ఫ్లాంజి ఫోటో, బోల్టు కన్నాల కొలతలు అన్నీ పంపాను. డబ్బు ముందే కట్టించుకున్నాడు. పార్సిల్ విప్పితే మనది ఆరు బోల్టుల ఫ్లాంజి, వచ్చింది నాలుగు బోల్టులది. "ఆ మోడల్‌కి ఇదే వస్తుంది సార్" అంటాడు. ఇదిగో వచ్చింది, పట్టడం లేదయ్యా అంటే "ఎలక్ట్రికల్ పార్టులు వెనక్కి తీసుకోం, బిల్లు వెనక రాసుంటుంది" అన్నాడు. తిప్పి చూశాను. రాసుంది. ఆ బిల్లు ఎలిమెంట్‌తో పాటే వచ్చింది, డబ్బు కట్టేటప్పుడు నా కంటపడే అవకాశమే లేదు.

సరిగ్గా ఆ వారమే ఒక కాఫీ కంపెనీ సేల్స్ కుర్రాడు వచ్చాడు. ఎవరో చెప్పి ఉంటారు. కొత్త రెండు గ్రూపుల మిషను ఊరికే పెడతారట, సర్వీసు వాళ్ళదేనట, రెండు రోజుల్లో బిగించేస్తారట. మూడేళ్ళ ఒప్పందం. నెలకి 40 కిలోల గింజలు వాళ్ళ దగ్గరే కొనాలి, తగ్గితే మిషనుకి అద్దె కట్టాలి. ఆ మిషనుకి పెట్టే గ్రైండర్లో వాళ్ళ గింజలు తప్ప వేరేవి పోయకూడదు.

మా ఇంట్లో లెక్కలు చూసేది మా ఆవిడ. రాత్రి కాగితం తీసుకుని కూర్చుంది. వాళ్ళ గింజలు మనం కొనేదానికన్నా కిలోకి 300 ఎక్కువ. డబుల్ షాట్‌కి (ఒక కప్పుకి మిషను దించే చిక్కటి డికాషన్‌కి) 18 గ్రాములు, కిలోకి 55 కప్పులు, అంటే కప్పుకి ఐదున్నర రూపాయలు ఎక్కువ పడుతుంది. నెలకి 12,000. మూడేళ్ళకి నాలుగు లక్షల 32 వేలు. "ఇదీ మీ ఫ్రీ" అన్నాను నేను గెలిచినట్టు. "ఆ నాలుగు లక్షల పక్కన మీ నిద్ర కూడా వేసి కూడండి. ఈ మిషను ఇంకోసారి పోతే ఏం చేస్తారు?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. అద్దె ఆగదు, కుర్రాళ్ళ జీతాలు ఆగవు, ఫిల్టర్ కాఫీ మీద వచ్చేది కరెంటు బిల్లుకే సరిపోతోంది.

ఇక్కడ నేను చాలా నలిగాను. ఎవరికైనా చిన్న విషయంలా కనిపించొచ్చు. మన గింజలు చింతపల్లి వైపు రైతుల దగ్గర నుంచి వస్తాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, ఆ చెట్టుకే మిరియం తీగ పాకించి పండించే కాఫీ. ఈ మన్యం కాఫీకే అరకు వ్యాలీ అరబికా అన్న పేరుతో 2019లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అన్న ముద్ర, వచ్చింది. కానీ నేను దానికి ఏళ్ళ ముందు నుంచే తెస్తున్నాను, మీకు తెలుసు. నవంబరులో పళ్ళు కోయడం మొదలవుతుంది, ఈ ఏటి పంటలో ఇన్ని బస్తాలు తీసుకుంటానని నోటిమాట ఇచ్చి ఉన్నాను. కాగితం లేదు కాబట్టి తప్పుకోవచ్చు. కాగితం లేదు కాబట్టే తప్పుకోలేను.

మధ్యే మార్గం మా ఆవిడే చెప్పింది. ఫిల్టర్‌కి అరకు, మిషనుకి వాళ్ళది. సగం బస్తాలైనా తీసుకోవచ్చు, మిషనూ వస్తుంది. న్యాయమైన మాటే. ఒక రాత్రంతా ఆలోచించి ఒప్పుకున్నాను కూడా. సేల్స్ కుర్రాడిని పిలిపించి ఒప్పందం చదువుతుంటే నాలుగో పేజీలో ఇంకో షరతు ఉంది, కొట్టు బోర్డు మీద, మెనూ మీద వేరే కాఫీ పేరు కనిపించకూడదని. ఇదేంటి బాబూ అంటే నవ్వి, "సార్, అరకు టూరిస్టులకి. కాపుచినోకి ఎవరూ అడగరు" అన్నాడు.

వైజాగ్‌లో కూర్చుని, నా కౌంటరు ముందు, నా కాఫీ తాగుతూ.

కాగితాలు వెనక్కి ఇచ్చేశాను. ఇది వ్యాపార నిర్ణయమా, పంతమా అని మా ఆవిడ అడిగింది. ముప్పాతిక పంతమే. మిగతా పాతిక కోసం పైన లెక్క రాశాను, చూసుకోండి. ఎవరు అడిగినా అడగకపోయినా కాపుచినోలో అరకే ఉంటుంది.

తరవాతి పని తొందరగానే అయింది. పగిలిన ఎలిమెంట్‌నే హైదరాబాద్ బాలానగర్‌లో హీటర్లు చేసేవాళ్ళకి నమూనాగా పంపితే, అదే కొలతకి, అదే ఆరు బోల్టుల ఫ్లాంజితో, ఇన్‌కొలాయ్ అనే మిశ్రమలోహపు తొడుగుతో చేసిచ్చారు. ఇటలీ స్పేరు ధరలో మూడో వంతు కూడా కాలేదు. బాయిలర్‌ని సిట్రిక్ యాసిడ్‌తో నానబెట్టి, రాయంతా కరిగాక నిమ్మపులుపు పోయేదాకా కడిగాం. కొత్త టెఫ్లాన్ గ్యాస్కెట్, కొత్త సేఫ్టీ వాల్వ్ వేశాం. రెండు బార్ల (బార్ అంటే ఒత్తిడి కొలత) ఒత్తిడికి తయారైన బాయిలర్‌ని బాబాయ్ చేతిపంపుతో చన్నీళ్ళు ఎక్కించి మూడు బార్ల మీద నిలబెట్టి చూశారు, ముల్లు కదల్లేదు. స్టీమ్ బాయిలర్ పక్కన పిల్లల్ని ఎత్తుకుని నిలబడే తల్లులు ఉంటారు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెప్తున్నాను. రోజూ నడిచేది 1.2 బార్ల లోపే.

నీళ్ళ సంగతి ఒక్కటి మిగిలింది. డీలరు మొదట్లో "ఆర్ఓ పెట్టండి, జన్మలో సున్నం పట్టదు" అన్నాడు. ఎందుకైనా మంచిదని పెట్టి చూశాం. పాలు నురగ చేసే స్టీమ్ రాడ్ తిప్పితే ఆవిరి బదులు వేడినీళ్ళు కక్కింది! బాయిలర్‌లో నీటిమట్టం చూసే ప్రోబ్ నీళ్ళలోని లవణాల వల్ల పారే కొద్దిపాటి కరెంటుని బట్టే పని చేస్తుంది. ఆర్ఓ నీళ్ళలో లవణాలు మరీ తక్కువైతే నీళ్ళున్నా లేవనుకుంటుంది, నింపుతూనే ఉంటుంది. ఇప్పుడు ఆర్ఓ నీళ్ళలో సాఫ్టనర్ నీళ్ళు కొంత కలిసేలా బైపాస్ వాల్వ్ పెట్టాం. ఇంట్లో టీడీఎస్ మీటరు (నీళ్ళలో కరిగిన లవణాలన్నీ కలిపి చూపేది) ఉన్నవాళ్ళు దాన్ని చూసి నీళ్ళు మెత్తనివో (సున్నం తక్కువో) కావో తేల్చుకోకండి. సాఫ్టనర్ కాల్షియం తీసి సోడియం పెడుతుంది, మీటరు అంకె దాదాపు అలాగే ఉంటుంది. తాగే నీళ్ళలో కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల దాకా పరవాలేదని బీఐఎస్, అంటే భారత ప్రమాణాల సంస్థ, చెప్పే లెక్క. మనిషికి అది చాలు, బాయిలర్‌కి కాదు.

ఇక మీకు కావలసినవి. మిషను వేడెక్కడానికి తీరిగ్గా టైము ఇస్తున్నాం కాబట్టి మిషను కాఫీ పొద్దున్న 7 నుంచి, ఫిల్టర్ మామూలుగా ఆరున్నర నుంచే. ప్రతి నెలా మొదటి మంగళవారం మధ్యాహ్నం గ్రూపు రబ్బర్లు, ప్రోబ్, వాల్వులు చూసుకోవడానికి మిషను ఆపుతాం. పది కాఫీలకి ఒకటి ఉచితం కార్డులు గడువు దాటినవి కూడా సంక్రాంతి దాకా చెల్లుతాయి. గ్రైండర్ సెట్టింగ్ ఇంకా కుదురుకుంటోంది, నాలుగు రోజులు షాట్ కాస్త పుల్లగా తగలొచ్చు. తగిలితే మొహమాటపడకుండా కప్పు వెనక్కివ్వండి, ఇంకోటి చేసిస్తాం, డబ్బు అడగం.

నాలుగు బోల్టుల కొత్త ఎలిమెంట్ ఒకటి, 3,000 వాట్లది, కౌంటరు కింద అట్టపెట్టెలో ఉంది. ఆ కొలత మిషను ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, కొన్న ధరకే ఇస్తాను. బిల్లు కూడా ఇస్తాను. వెనక తిప్పి చదువుకుని తీసుకోండి.