జీబ్రా చేప కన్ను: ఏ గంటలో ఆపారో చెప్పండి

సంపాదకులకు,

జీబ్రా చేప పిండంలో కన్ను ఏర్పడే తీరు గురించి రాసేవారు 'ఫలానా సంకేతాన్ని ఆపితే రెటీనా రాదు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. గుడ్డు ఫలదీకరణ చెందాక ఏ గంటలో ఆపారో చెప్పకపోతే ఆ మాటకు విలువ లేదు.

కణాల మధ్య సంకేతంగా పనిచేసే సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రోటీన్‌నే తీసుకోండి. మొదట్లో అది తల మధ్యరేఖ నుంచి వస్తుంది. దగ్గరున్న కణాల్లో పాక్స్2 అనే జన్యువును పెంచి, పాక్స్6 అనే జన్యువును అణచి, ఆ కణాలను కంటి కాడగా, అంటే కంటిని మెదడుకు కలిపే భాగంగా, మారుస్తుంది. దూరంగా ఉన్నవి రెటీనా అవుతాయి. మధ్యరేఖను సిద్ధం చేసే నోడల్ అనే సంకేతం లోపిస్తే రెండు కళ్ళూ కలిసిపోయి ఒంటికన్ను పిండం పుడుతుంది. ఒక రోజు గడిచేసరికి అదే హెడ్జ్‌హాగ్ వేరే పనిలో ఉంటుంది. కాడ నుంచి వచ్చే ఎఫ్‌జీఎఫ్ అనే మరో సంకేతం సుమారు 28వ గంటకు, ముక్కు వైపు కింది భాగంలో, తొలి గాంగ్లియన్ కణాలను, అంటే చూపును మెదడుకు చేరవేసే నాడీకణాలను, మొదలుపెట్టిస్తుంది. ఆ కణాలు తామే హెడ్జ్‌హాగ్‌ను విడుదల చేస్తాయి, పక్క కణాలు దాన్ని అందుకుంటాయి, అలా కొత్త కణాలు ఏర్పడే అల విసనకర్రలా రెటీనా అంతటా విచ్చుకుంటుంది. 72 గంటలకల్లా పొరలు స్పష్టంగా కనిపిస్తాయి. మా దృష్టిలో ఈ విషయంలో అన్నిటికంటే అందమైన ఘట్టం ఇదే.

పొరపాటు జరిగేది కూడా ఇక్కడే. హెడ్జ్‌హాగ్‌ను అడ్డుకునే సైక్లోపమీన్ వంటి మందు పిండం ఎదుగుదలను మొత్తంగా మందగింపజేయగలదు. అప్పుడు గాంగ్లియన్ కణాలు కనిపించకపోతే అల ఆగిందనుకుంటాం, నిజానికి పిండం ఇంకా ఆ వయసుకే రాలేదు. వేడి తగ్గినా ఇంతే: 28.5 డిగ్రీల దగ్గర 28 గంటల్లో చేరే దశకు 25 డిగ్రీల దగ్గర దాదాపు 35 గంటలు పడుతుంది. కాబట్టి దశ తెలియడానికి 24 గంటల వరకు సోమైట్ల (వెన్ను వెంట వరుసగా ఏర్పడే ఖండాల) జతలు లెక్కపెట్టాలి, తరువాత తలకూ మొండేనికీ మధ్య కోణం చూడాలి. మందు వేసిన పిండాన్ని అదే గంటలో ఉన్నదానితోనే కాక, అదే దశలో ఉన్నదానితోనూ పోల్చాలి.

పోలిక పిండాలకు మందును కరిగించిన ద్రావకం అదే మోతాదులో పడాలి. ఇథనాల్ ఎక్కువైతే అదొక్కటే ఒంటికన్నుకు దారితీస్తుంది. నలుపు రంగు రాకుండా 24 గంటలలోపే లీటరుకు 30 మిల్లీగ్రాముల చొప్పున వేసే పీటీయూ అనే రసాయనం కూడా నిరపాయమేమీ కాదు. అది థైరాయిడ్‌ను అణుస్తుంది, కళ్ళను చిన్నవి చేస్తుంది. కన్ను పరిమాణమే కొలుస్తున్నప్పుడు పీటీయూ వేయని జట్టు ఒకటి లేకపోతే ఆ కొలతను మేము నమ్మం.

— పిండశాస్త్ర అధ్యాపకులు