పాత రూపచిత్రాల కింద పేరొక్కటే వేస్తే చాలదు

సంపాదకులకు,

మొఘల్, దక్కనీ కాలపు రేఖాచిత్రాలను అచ్చువేసేటప్పుడు కింద ‘ఫలానా నవాబు, 17వ శతాబ్దం’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటున్నారు. రంగులు లేకపోతే ‘అసంపూర్తి చిత్రం’ అని కూడా తగిలిస్తారు. చాలాసార్లు అది నిజం కాదు. సిరా గీతలకు లేత రంగు, కాస్త బంగారం అద్ది వదిలేసే ‘నీమ్ కలమ్’ పద్ధతి 1600 నాటికే ఉంది. అలా గీసింది పూర్తయిన బొమ్మే.

ఈ చిత్రాల్లో కొన్నింటి మీద కనిపించే సూది రంధ్రాల సంగతి చూడండి. పల్చటి జింక తోలు (చర్బా) మీద బొమ్మ ఎత్తుకుని, గీతల వెంట సూదితో పొడిచి, బొగ్గుపొడి మూటతో తట్టేవారు. మగ్గం వర్క్ వాళ్లు జాకెట్ గుడ్డ మీదికి డిజైన్ దింపేదీ దాదాపు ఇలాగే. కాబట్టి రంధ్రాలుంటే అది అచ్చుగా వాడింది. రంధ్రాలు లేకుండా గీత కింద నల్లచుక్కల వరస కనిపిస్తే దింపుకున్న ప్రతి. చర్బాను తిరగేస్తే ముఖం అటు తిరుగుతుంది, దాంతోపాటు జామా (పొడవాటి అంగీ) ముడీ పక్క మారుతుంది. ముస్లింలు కుడివైపు, హిందువులు ఎడమవైపు ముడి వేసుకునేవారు కదా అని, ఈ తిరగేత చూసుకోకుండా మతం తేల్చేస్తే బోల్తా పడతాం.

చెంప మీది నల్లమచ్చ కూడా నీడ కాకపోవచ్చు. చిత్తుగీతల మీద పూసిన సీసపు తెలుపు గాలిలోని గంధకానికి నల్లబడుతుంది.

ఇక ఎవరికోసం గీశారన్నది. 1618లో చావుబతుకుల్లో ఉన్న తన ఆస్థానోద్యోగి ఇనాయత్ ఖాన్‌ను చూసి గీయమని జహంగీర్ చిత్రకారులను పురమాయించాడు. ఆ రేఖాచిత్రం బోస్టన్‌లో, రంగుల చిత్రం ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నాయి. ఎండిన పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. అది మనిషిని ఎదురుగా చూసి గీసిన గీత. 1680ల గోల్కొండ బొమ్మల లెక్క వేరు. యూరప్ వాళ్లు కొంటారని పాదుషాల, సుల్తానుల బొమ్మలు సెట్లు సెట్లుగా తయారయ్యేవి. ఆమ్‌స్టర్‌డామ్ మేయర్ విట్సెన్ దగ్గరికి చేరిన ఆల్బమ్ అలాంటిదే. ఒకే భంగిమ పలు ప్రతుల్లో కనిపిస్తుంది. అందులోని ముక్కుతీరును చారిత్రక సాక్ష్యంగా తీసుకోవడం నాకు మింగుడుపడదు. సరుకుగా వాటి చరిత్ర మాత్రం గొప్పది. అంతకుముందే డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1656–61 ప్రాంతంలో మొఘల్ బొమ్మలు చూసి గీసుకున్నవి ఇరవైకి పైగా మిగిలాయి. వాటికి ఆయన ఎక్కువగా వాడింది ఖరీదైన జపాన్ కాగితం. వాటికి ఎంత విలువిచ్చాడో అక్కడే తెలుస్తోంది.

అందుకే పేరు, శతాబ్దంతోపాటు కాగితం, సిరా, సెంటీమీటర్లలో కొలత, రంధ్రాలున్నాయా, వెనకవైపు రాత ఏమైనా ఉందా అన్నవి కూడా వేయండి. రెండు వరుసలకు మించదు. వీలైతే టార్చి వెలుగు పక్కనుంచి వాలుగా పడేలా తీసిన ఫొటో ఒకటి కలపండి. ఎదురు ఫ్లాష్‌లో సూదిపోట్లు కనబడవు.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్